నీలిచాయ గల తెల్లపింగాణి

పింగాణి యనగానే పూవులు, పక్షులు చిత్రించిన పళ్లెములు మనకు తలపునకు వచ్చును. ఏ చిత్రమును లేకయే సొంపైన పింగాణియు నొకటి కలదు. దానిని జపానువారు ‘సేయిహకుజి’ యందురు. నీలిచాయ గల తెల్లపింగాణి యని యర్థము. ఈ విద్య చీనాలో సుంగు రాజుల కాలమున (960–1279) జింగ్‌డెజెన్ పట్టణమునందు వర్ధిల్లినది. మన కాలమున జపాను కళాకారులు దానిని మరల చేపట్టి క్రొత్త రూపుల నిచ్చిరి.

ఆ నీలిచాయ కుంచెతో దిద్దినది కాదు. మరి యెట్లు వచ్చినది? కేయోలిన్ అను తెల్లమన్నులో పలుగురాతి పొడి మొదలగునవి కలిపి పాత్రను చేయుదురు. దానిపై, కరగి గాజువలె నగు పూత నిచ్చి, సుమారు 1300 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్తురు. ఆ పూతలో ఇనుము మిక్కిలి కొలదిగా నుండును. ఆవములో ప్రాణవాయువు చాలకుండ మంటను నడపినచో ఆ యినుము నీలిచాయ నిచ్చును. గాలి ధారాళముగ తగిలినచో పసుపుచాయ వచ్చును. చెక్కిన గీతలలో పూత నిలిచి మందమగుటచే నచ్చట నీలి చిక్కబడును. అంచున పలుచనై తెలుపు తోచును. దోసిటి నీటికి రంగు కనబడకున్నను, లోతైన నీరు నీలముగ కనబడుట వంటిదే యిది.

ఈ విద్యలో ఆరితేరిన త్సుకమోతో కైజి (1912–1990) గారిని జపాను ప్రభుత్వము 1983లో గౌరవించినది. అట్టివారిని అచ్చటి ప్రజలు ‘సజీవ జాతీయ నిధి’ యందురు. క్యోటోలో 1947లో జన్మించిన ఫుకామి సుయెహారు గారు, నీళ్లవలె కలిపిన మన్నును గాలి యొత్తిడితో అచ్చులలోని కెక్కించి, కత్తి యలుగువంటి రూపములను చేసి ప్రసిద్ధి కెక్కిరి. చిత్రము లేనందున అందు చిన్న లోపమైనను దాగదు.

ఇంత దూరపు విద్యతో మనకేమి పని యని మీరడుగవచ్చును. కాకతి గణపతిదేవుడు 1244లో వర్తకులకు అభయశాసనము వేయించిన మోటుపల్లి రేవున చీనా పింగాణి పెంకులు త్రవ్వకములలో దొరకినవి. హైదరాబాదులో 1951లో తెరచిన సాలార్జంగు ప్రదర్శనశాలలో చీనా, జపాను పింగాణిని నేడును చూడవచ్చును. అంతకంటె దగ్గరి సంబంధ మొకటి మన యింటనే యున్నది. మన నీళ్లకుండ ఎఱ్ఱనగుటకును ఆ యినుమే కారణము. కుమ్మరి మన్నులో అది మెండుగా నుండి, గాలి తగిలిన మంటలో ఎఱ్ఱబాఱును. పొగ క్రమ్మిన ఆవములో కుండ నల్లబడును.

జపాను తన పనివానిని నిధి యనెను. మన యూళ్లలో నొక్కొక్క సారెయే నిలిచిపోవుచుండగా మనము చూచుచు నూరకున్నాము. విద్యార్థులారా! బోనకల్ చుట్టుపట్ల ఇంకను కుండలు చేయు పెద్ద లెవరైన నున్నచో, వారి కడకు పోయి, ఏ మంటలో నెఱుపు, ఏ పొగలో నలుపు వచ్చునో వినయముతో నడిగి వ్రాసికొని రండు.