చిల్లుపడినా చెల్లిన నాణెం

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అంటాం. చిల్లు పడితే విలువ పోయినట్టేనని మన లెక్క. కాని కావాలనే చిల్లుపెట్టి, విలువ పెంచి చెలామణీ చేసిన నాణెం ఒకటుంది. 'ద్రవ్యం' పాఠం వింటూ ఆవులించిన మిత్రులు దాని కథ తప్పక వినాలి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్, 1788లో బ్రిటన్ తన ఖైదీల కోసం ఏర్పరచిన వలస. మనుషుల్ని పంపిన దొరలు చాలినంత డబ్బు పంపలేదు. రమ్ము, చేతిరాత ప్రామిసరీ నోట్లు డబ్బుగా చెల్లేవి. ఓడలో వచ్చిన వెండి మళ్ళీ ఓడెక్కి పోయేది. సరుకు అమ్మిన కెప్టెన్లకు కావలసింది వెండే కదా!

1812 నవంబరులో 'సమరాంగ్' అనే ఓడ 40,000 స్పానిష్ డాలర్లను సిడ్నీకి చేర్చింది. అవి ఎక్కడివనుకున్నారు? మద్రాసులోని ఈస్టిండియా కంపెనీవి! మద్రాసుకు ఆ వెండి కొత్తకాదు. 1808 ప్రాంతంలో అక్కడి టంకశాలలో అవే డాలర్ల మీద తెలుగు అక్షరాలున్న అర వరహా ముద్రలు కొట్టారు.

ఈ డాలర్లూ పారిపోతే ఎలా? గవర్నరు లాక్లన్ మక్వారీ ఉపాయం ఆలోచించాడు. ప్రతి డాలరు నడిబొడ్డునా గుండ్రంగా ఒక బిళ్ళ కోయించి, రెండు ముక్కల మీదా 'న్యూ సౌత్ వేల్స్ 1813' అని ముద్ర వేయించాడు. చిల్లున్న కడియం అయిదు షిల్లింగులు. లోపలి బిళ్ళ పదిహేను పెన్నీలు, అనగా షిల్లింగు పావు. అయిదు షిల్లింగుల డాలరు ఆరుంబావు అయింది! ఒక్కకోతతో చిల్లర కొరత తగ్గింది, నూటికి ఇరవైఅయిదు లాభమూ వచ్చింది. ఇక కడియంలో అయిదోవంతు పైగా వెండి తగ్గిపోయింది గనుక, బయటి దేశంలో దానికి పూర్తి ధర రాదు. కాబట్టి ఊళ్ళోనే తిరగాలి.

కోసిందెవరు? విలియం హెన్షాల్. దొంగనాణేల నేరానికి ఏడేళ్ళ ద్వీపాంతర శిక్ష పడి అక్కడికి చేరినవాడు! ఏ పనితనం అతణ్ణి నేరస్థుణ్ణి చేసిందో, దానితోనే సర్కారు పని జరిగింది. ముద్రలో తన పేరులోని 'హెచ్' అక్షరాన్ని కూడా చిన్నగా ఇరికించాడు.

పనిలో కొన్ని పాడుకాగా 39,910 జతలు తయారయ్యాయి. 1822 నుంచి వాటిని వెనక్కి తీసుకుని, 1829లో చెల్లుబాటు రద్దుచేశారు. నేడు మిగిలిన కడియాలు సుమారు మూడువందలే.

చేసినవాడు ఒకడే, చేసిన పనీ ఒకటే. ఒకనాడు నేరం, మరొకనాడు ఉద్యోగం. తేడా అల్లా వెనకనున్న అధికారముద్రలోనే ఉంది. నాణెం విలువ వెండిలో కొంత, దాన్ని పుచ్చుకునే జనం నమ్మకంలో కొంత. ఆ రెండో భాగాన్ని ఏ త్రాసూ తూచలేదు.