కిటికీ తలుపులు తీసి ఉంచమ్మా

యానాం

చి.ల.సౌ. చిట్టితల్లికి,

పెదనాన్న దీవించి రాసేది. మీ పెద్దమ్మ మోకాళ్ళూ, నా బీపీ ఎప్పట్లాగే ఉన్నాయి.

మొన్న మీ అమ్మ ఫోను చేసింది. మామూలుగా నాతో రెండు ముక్కలు మాట్లాడి ఫోను మీ పెద్దమ్మకి ఇవ్వమంటుంది. ఆ రోజు మాత్రం వదల్లేదు. "మీ కూతురు పాండిచ్చేరిలో ఏదో పాతకొంపలో మూడు రాత్రులు పడుకోడానికి నలభై వేలు తగలేస్తోందిట బావగారూ, మీరైనా చెప్పండి" అని ఒకటే గోల. సరే కనుక్కుంటానన్నాను. ఆ సాయంత్రమే నువ్వు పంపిన ఫోటోలు వచ్చాయి. పందిరి మంచం బాగుంది, గళ్ళ గచ్చు బాగుంది, పెరట్లో కాగితంపూల చెట్టు ఇంకా బాగుంది. డబ్బు గురించి నాకేం బెంగ లేదు. బెంగంతా నువ్వు కింద రాసిన ఆ ఒక్క వాక్యంతో పట్టుకుంది. "ఎక్కడికీ తిరగం పెదనాన్నా, తలుపులన్నీ బిగించుకుని, ఏసీ వేసుకుని మూడు రోజులూ నిద్రపోతాం" అన్నావు.

పాండిచ్చేరి పాత ఇంట్లో కిటికీలు బిగించుకుని పడుకుంటావా! నా తమ్ముడి కూతురివేనా నువ్వు?

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. మీ అమ్మకి నేనే చెప్తాను, నువ్వేం వాదన పెట్టుకోకు. ఆ ఇళ్ళు హోటళ్ళు కాకముందు ఎలా ఉండేవో నేను కళ్ళారా చూశాను. వారసుల్లో ఒకడు పారిస్‌లో, ఒకడు మద్రాసులో, ఇంకొకడు కోర్టులో. ఇంటి పైకప్పు మీద రావిమొక్క. దూలం పుచ్చిపోతే మార్చే దిక్కుండదు, చివరికి పడగొట్టి సిమెంటు ఫ్లాట్లు కట్టేవాళ్ళు. పాత కట్టడాలు కాపాడే ఇంటాక్ సంస్థవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి జాబితాలు రాసి, గోడలు బాగు చేయించడం మొదలుపెట్టాక కొన్ని నిలిచాయి. రోమే రోలా వీధిలో ఒకప్పుడు విద్యాశాఖ ఆఫీసున్న ఇల్లు హోటలైంది. ఫ్రెంచి వీధులకీ తమిళుల వీధులకీ మధ్యనున్న కాలవకి ఇవతల పెరుమాళ్ కోయిల్ వీధిలో, వైశ్యాల వీధిలో తమిళుల ఇళ్ళు కూడా కొన్ని అలాగే బతికాయి. గది అద్దె రాకపోతే ఆ ఇంటికి సున్నం కొట్టేవాడు లేడు. కాబట్టి నువ్విచ్చేది తగలేసినట్టు కాదు. మేయర్ ఆఫీసున్న మేరీ భవనం ఏమైందో నీకు తెలుసుగా. బీచి రోడ్డు మీద రాణీలా ఉండేది. 2014 నవంబరు వానలకి కుప్పకూలింది. ఆ వార్త టీవీలో వచ్చిన రోజు నేను అన్నం తినలేదని మీ పెద్దమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. మళ్ళీ అదే రూపంలో కట్టి 2021లో తెరిచారు, సంతోషమే. కానీ ఉన్నదాన్ని కాపాడుకోవడం వేరు, పోయినదానికి నకలు కట్టుకోవడం వేరు.

ఇక అసలు సంగతి.

ఆ ఊరి గాలి లెక్క నీకు తెలియాలి. 1761లో ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరిని నేలమట్టం చేశారు. ఇవాళ నువ్వు చూసే ఫ్రెంచి ఇళ్ళన్నీ ఇంచుమించు ఆ తర్వాత కట్టినవే. కానీ వీధుల గీతలు అంతకుముందువి, ఆ ఊరు కొన్నాళ్ళు డచ్చివాళ్ళ చేతిలో ఉన్నప్పుడు గీసినవి. అడ్డవీధులన్నీ తిన్నగా సముద్రంలోకి చూస్తాయి. మధ్యాహ్నం తిరిగాక నీళ్ళ మీంచి గాలి లేస్తుంది. ఆ వీధుల్లో పడి, గోడల మీదుగా ఇళ్ళల్లోకి దిగుతుంది. కట్టినవాళ్ళు ఆ గాలిని నమ్ముకునే కట్టారు. పద్నాలుగడుగుల ఎత్తు గది ఎందుకనుకున్నావు, దర్జాకా? వేడి పైకెక్కి వెంటిలేటర్లోంచి పోవడానికి. జానెడున్నర మందం గోడ ఎందుకు? పగటి వేడి లోపలికి చేరేసరికి సాయంత్రం అయిపోవాలని. గోడలకి గానుగ సున్నం. పైన టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటికలు అంచున నిలబెట్టి ఏటవాలుగా పేర్చి, ఆ పైన ఇటికముక్కల సున్నం కాంక్రీటు. ఆడకూలీలు వరసగా కూర్చుని కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ చిలకరిస్తూ రోజుల తరబడి కొట్టేవాళ్ళు. ఆ దిమ్మిస చప్పుడుకి పాట కూడా ఉండేది. నేను పాండిచ్చేరిలో సర్కారీ కట్టడాల డిపార్టుమెంటులో చేరిన కొత్తలో ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీలు ఇంకా ఉన్నారు. వాళ్ళలో ఒకాయన గోడ మీద చెయ్యి పెట్టి తడి ఎంతుందో చెప్పేవాడు. మా ఇంజనీరుకి మీటరు కావలసివచ్చేది.

సున్నపు గోడ తడి పీలుస్తుంది, గాలి ఆడితే తిరిగి వదిలేస్తుంది. కిటికీలు మూసేసి, ఏసీ పెట్టి, పైన ప్లాస్టిక్ రంగు పూస్తే ఆ తడి పోయే దారి లేక గోడలోనే ఉప్పులు పొంగిస్తుంది. ఒక పెద్ద ఆఫీసరు పట్టుబట్టి తన గదికి నున్నటి పెయింటు వేయించుకున్నాడు, కిటికీలకి మేకులు కొట్టించాడు. మరుసటి వానాకాలానికి ఆయన కుర్చీ వెనక గోడంతా బొబ్బలు. నన్ను పిలిచి చీవాట్లు! "సార్, కిటికీ తియ్యండి, గోడ దానంతటదే ఆరుతుంది" అన్నాను. ఆ మాటకే నన్ను కారైక్కాల్ బదిలీ చేశారు.

నాకీ పిచ్చి పట్టించింది మాత్రం నేనద్దెకున్న ఇంటి ముసలమ్మ. మన యానాం కుర్రాళ్ళకి చిన్న కాయితం కావాలన్నా, పరీక్ష రాయాలన్నా, ఉద్యోగమన్నా ఎనిమిది వందల కిలోమీటర్లు దాటి రాజధాని పాండిచ్చేరికే పోవాల్సి వచ్చేది కదా. సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మద్రాసులో దిగి, బస్సు పట్టుకుని, ట్రంకు పెట్టెతో దిగాను. తమిళం ముక్క రాదు. మార్కెట్టు దగ్గర ఒక గది దొరికింది. మొదటి రాత్రి దొంగలొస్తారని కిటికీ మూసి గడియ పెట్టాను. తెల్లారి ఆ తల్లి వచ్చి, గదంతా చూసి, నా నెత్తి మీద ఒక్కటిచ్చి, అన్ని తలుపులూ బార్లా తీసింది. ఏమంటోందో అర్థం కాలేదు గానీ తిడుతోందని తెలిసింది. తరవాత ఇడ్లీ పెట్టింది. ఆవిడ భర్త ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తీసుకునేవాడు. అలాంటివాళ్ళని అక్కడ సోల్దాలంటారు. సాయంత్రాలు వాళ్ళు ఇనప గుళ్ళతో పెతాంక్ ఆడుతుంటే నేను గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. జూలై 14న, ఫ్రెంచివాళ్ళ జాతీయ పండగకి, మెడల్సు పెట్టుకుని ఊరేగింపుకి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే సైకిలు మీద పొడుగు రొట్టెలు వచ్చేవి. నేను ఆ రొట్టెని మన మాగాయతో తినేవాణ్ణి, ఆయన నన్ను చూసి జాలిపడేవాడు. ఏం చెప్తున్నాను? ఆఁ, కిటికీ.

బుద్ధిగా విను. గది ఖాయం చేసేముందు ఫోను చేసి అడుగు: "కిటికీలు తెరుచుకుంటాయా?" నవ్వుతారు, నవ్వనీ. కొన్ని హోటళ్ళల్లో రంగు మీద రంగు వేసి రెక్కలు అంటుకుపోయి ఉంటాయి, పైకి మాత్రం ఫోటోకి బాగుంటాయి. తెరుచుకోవంటే ఆ గది వద్దు. మేడ మీద గది అడుగు, గాలి బాగా వస్తుంది. తమిళుల వైపు ఇల్లయితే లెక్క వేరు. అక్కడ వీధివైపు తిణ్ణె, అంటే మన అరుగు, ఉండి, లోపల మధ్యన ఆకాశం కనిపించే ముట్రం ఉంటుంది, మన అమలాపురం మండువా లోగిలికి తోబుట్టువు. ఆ ఇంటికి గాలి ముట్రంలోంచే. అక్కడ కిటికీ కాదు, గది తలుపు ఓరగా ఉంచుకోవాలి.

పొద్దున్న లేవగానే అన్నీ తియ్యి. పదింటికి ఎండ తగిలే వైపు చెక్క రెక్కలు దగ్గరికి వెయ్యి, వెలుగు చారలు చారలుగా వస్తుంది, గది చల్లగా ఉంటుంది. మూడు దాటాక తూర్పు వైపువి మళ్ళీ తెరువు. సందెవేళ దోమలొచ్చే అరగంట మాత్రం మూసెయ్, తప్పు లేదు. దోమతెర అడిగితే ఇస్తారు. రాత్రి అద్దాల తలుపులు తీసి, బయటి చెక్క రెక్కలు గడియ వేసుకో. వాటికి అడ్డబద్దలుంటాయి. గాలి వస్తుంది, మనిషి రాడు. ఫ్యాను రెండు మీద పెట్టుకుంటే ఫిబ్రవరిలో దుప్పటి కావాలి.

ఇది రాస్తుంటే మీ పెద్దమ్మ వెనకనుంచి చదివి, "కొత్త జంట సరదాగా వెళ్తుంటే కిటికీలు తెరుచుకోమని రాస్తారేవిటి, బుద్ధి లేదూ?" అంటోంది. అందుకే చెప్తున్నాను, ఆ బద్దలు కిందికి వాలి ఉంటాయి. లోపలివాళ్ళకి వీధి కనిపిస్తుంది, వీధికి లోపల ఏమీ కనిపించదు. కట్టినవాళ్ళు అన్నీ ఆలోచించారని ఆవిడకి చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నీకు గుర్తుందో లేదో, రెండో క్లాసులో ఉబ్బసం వచ్చి నెల్లాళ్ళు మా ఇంట్లో ఉన్నావు. గోదారి వైపు కిటికీ కింద నీ మంచం. కిటికీ వేస్తే లేచి కూర్చుని ఏడ్చేదానివి, తీస్తే నిద్రపోయేదానివి. నీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నీకు ఉబ్బసం లేదు, సరే. కానీ పొద్దున్న ఏసీ కారు, పగలంతా అద్దాల ఆఫీసు, రాత్రి ఏసీ గది. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, నువ్వొక గదిలో మీటింగు, అల్లుడుగారు ఇంకో గదిలో మీటింగు, రెండు తలుపులూ మూసి. భోజనాలకి పిలవడానికి మీ పెద్దమ్మ రెండు తలుపులు కొట్టాల్సి వచ్చింది. అతను మంచి కుర్రాడు. నెమ్మదస్తుడు, గొంతు పెంచడు. అలాంటి మనిషి మాట ఏసీ హోరులో ఎవరికి వినపడుతుంది? ఇంతకంటే నేను చెప్పకూడదు.

మిగతావి చిన్న సంగతులు. బీచి రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా బళ్ళు రానివ్వరు. రాత్రి జనం ఎక్కువ, ఐదున్నరకి లేచి వెళ్ళండి. సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. వచ్చేదారిలో భారతీ పార్కులో ఆయి మండపం దగ్గర కాసేపు కూర్చోండి. అక్కడి ఇళ్ళు గమనించు: తెల్లవాళ్ళ వీధుల్లో ఎత్తు ప్రహరీ, గేటు, లోపల తోట, కాలవ దాటితే అరుగులు వీధి మీదికే. ఆనందరంగ పిళ్ళై మేడ మార్కెట్టు పక్క. కింది అంతస్తు తమిళ పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి స్తంభాలు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేస్తూ ఊళ్ళో జరిగిందంతా ఏళ్ళ తరబడి డైరీ రాసిన మనిషి. పోలీసుల ఎర్ర టోపీ చూసి ఫోటో అడక్కు, డ్యూటీలో ఉంటారు. హోటల్లో గది తుడిచే అమ్మాయికి వెళ్ళేరోజు కాదు, మొదటి రోజే వంద చేతిలో పెట్టు. గచ్చు మీద తడి కాళ్ళతో నడవకు. మీ ఆయన్ని కూడా నడవనివ్వకు. అది ఆత్తంగుడి పలకల గచ్చు, జారుతుంది.

హోటలువాళ్ళని ఆ ఇల్లు ఎవరిదో అడుగు. ముసలి వాచ్‌మన్ ఎవరైనా ఉంటే ఆయన్నే అడుగు, మేనేజరుకి తెలియదు. పైకప్పు చూసి దూలాలు ఎన్నున్నాయో, ఏ మూలైనా చెమ్మ ఉందో నాకు రాయి. ఫోటో కూడా తీసి పంపు, మంచం ఫోటోలు చాలు.

నలభై వేల మాట మీ అమ్మ దగ్గర మళ్ళీ ఎత్తకు. ఒక రాత్రి అద్దె నాది, నీ అకౌంటులో వేశాను. మీ పెద్దమ్మకి చెప్పకు, మందుల డబ్బులోంచి తీశానని గొడవ చేస్తుంది. ఆవిడ చీటీ డబ్బులోంచి ఇంకో రాత్రిది నీకు పంపే ఏర్పాటులో ఉంది. అది నాకు తెలియదనుకుంటోంది. వస్తే నోరు మూసుకుని తీసుకో. మూడో రాత్రిది మీరిద్దరూ పెట్టుకోండి, సంపాదించుకుంటున్నారు కదా.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ పెదనాన్న