యంత్రానికి ఆయుష్షు

మా పెదనాన్నగారు ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం, చేతికి వచ్చిన సొమ్ములో పెద్ద భాగం వెచ్చించి ఒక కారు కొన్నారు. ఆయన దానిని చూచుకొన్న తీరు గమనించినవారెవరైనా అది వాహనం కాదు, ఇలవేలుపు అనుకొనేవారు. తెల్లవారగానే మెత్తని గుడ్డతో తుడిచేవారు. ఎండ తగలకుండా రేకుల పందిరి వేయించారు. నలభై కిలోమీటర్ల వేగాన్ని మించి ఏనాడూ నడపలేదు. రెండు కిలోమీటర్ల దూరంలోని బజారుకు వెళ్ళడం, తిరిగి రావడం, ఇంతే దాని నిత్యప్రయాణం. ఆయిలు మార్పించవలెనని ఎవరైనా గుర్తు చేస్తే, “బండి తిరిగితే కదా మార్చడానికి!” అని నవ్వేవారు. ఎనిమిదేళ్ళు గడిచేసరికి గొట్టం నుండి నీలిపొగ రాసాగింది. ఇంజనులో టకటకమని శబ్దం మొదలయింది. మెకానిక్కు విప్పి చూచి, “బోరుకు వచ్చిందండీ” అన్నాడు. అప్పటికి ఆ కారు పదిహేను వేల కిలోమీటర్లు కూడ తిరగలేదు.

ఇంత భద్రంగా చూచుకొన్న కారుకు అల్పాయుష్షు ఎందుకు కలిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ ఉండగా అమెరికా దేశపు ఉపాధ్యాయుడు ఇర్వ్ గోర్డన్ కథ నా దృష్టికి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో ఆయన విజ్ఞానశాస్త్రం బోధించేవారు. 1966లో వోల్వో పి1800ఎస్ అనే ఎర్రని కారు కొన్నారు. కొన్న రెండు రోజులకే 1,500 మైళ్ళు తిప్పి, మొదటి సర్వీసుకు తీసుకొని వచ్చారట! పాఠశాలకు పోయి రావడానికే రోజుకు 125 మైళ్ళు, అనగా సుమారు 200 కిలోమీటర్లు నడిపేవారు. 1987లో పది లక్షల మైళ్ళు, 2002లో ఇరవై లక్షలు, 2013లో అలాస్కాలో ముప్పై లక్షల మైళ్ళు పూర్తి అయ్యాయి. ముప్పై లక్షల మైళ్ళంటే నలభై ఎనిమిది లక్షల కిలోమీటర్లు, ఆరుసార్లు చంద్రుని వద్దకు పోయి వచ్చినంత దూరం. గిన్నిస్ పుస్తకం ఈ కారును నమోదు చేసింది. 2018లో ఆయన మరణించే నాటికి కూడ అది నడుస్తూనే ఉంది. ఆ ఇంజనును మొదటిసారి పూర్తిగా విప్పి బాగుచేసినది 6,80,000 మైళ్ళ తరువాత. మన లెక్కలో దాదాపు పదకొండు లక్షల కిలోమీటర్లు!

ఈ వైపరీత్యం అర్థం కావాలంటే ఇంజను లోపలికి తొంగిచూడాలి. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే ఇంజనులో ప్రతి పిస్టను సెకనుకు అరవై ఆరు పర్యాయాలు పైకెక్కి కిందికి దిగుతుంది. దాని తలపై మండే వాయువుల వేడి రెండు వేల డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. అయినా లోహం లోహాన్ని ఒరసుకోకపోవడానికి కారణం వెంట్రుక కంటె పలుచనైన ఆయిలు పొర. ఆ పొర ఉన్నంతసేపు బేరింగుకు అరుగుదల చాల తక్కువ. ఆ పొర లేని క్షణాలలోనే ఆయుష్షు తరుగుతుంది.

రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో ఆయిలు కిందనున్న తొట్టిలోనికి జారిపోతుంది. ఉదయం తాళం తిప్పిన తరువాత అది మళ్ళీ పైభాగాలకు చేరడానికి కొంత వ్యవధి కావాలి. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువగా అందుతుంది. మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగివేస్తుంది. మంటలో పుట్టిన నీటియావిరి చల్లని లోహానికి తగిలి నీరయి ఆయిలులో కలుస్తుంది. ఇంజను బాగుగా కాగితే ఈ నీరు, పెట్రోలు చాలవరకు ఆవిరైపోతాయి. కాని ఆయిలు కాగడానికి, రేడియేటరులోని నీరు కాగడానికి పట్టే కాలం కంటె చాల ఎక్కువ కాలం పడుతుంది. రెండు కిలోమీటర్ల ప్రయాణంలో అది ఎన్నటికీ కాగదు. నీరు, ఆమ్లాలు, మసి పేరుకొని ఆయిలు చిక్కబడుతుంది. మెకానిక్కు తొట్టి విప్పి చూపినప్పుడు మాకు కనబడినది ఆయిలు కాదు, తారు వంటి ముద్ద.

తయారీదారుల పుస్తకాలలో కఠినమైన వాడకం అనే విభాగం ఒకటి ఉంటుంది. అందులో పర్వతమార్గాలు, ధూళిదారులతోపాటు చిన్నచిన్న ప్రయాణాలు కూడ చేరి ఉంటాయి. నెమ్మదిగా నడిపామని తృప్తిపడేవారిలో ఎంతమంది ఆ పేజీ చదివి ఉంటారు? ఇన్ని కిలోమీటర్లకు గాని, ఇన్ని నెలలకు గాని, ఏది ముందయితే అప్పుడు ఆయిలు మార్చవలెనని అందులోనే రాసి ఉంటుంది. గోర్డన్ మూడు వేల మైళ్ళు దాటగానే మార్చేవారు. ఆయన దూరప్రయాణాలలో ఇంజను గంటల తరబడి ఒకే వేడిలో, ఒకే వేగంలో తిరిగేది. అంతకంటె సుఖమైన జీవితం ఇంజనుకు లేదు.

అట్లని దుడుకుగా నడిపితే నష్టం లేదనడం పొరపాటు. ఫార్ములా వన్ పందెపు కార్లనే చూడండి. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో వాటి ఇంజన్లు నిమిషానికి 18,000 చుట్లు దాటి తిరిగేవి. ఒక్క పందెపు వారాంతమంతా ఒకే ఇంజను వాడాలని 2004లోను, రెండు పందేలకు ఒకటే అని 2005లోను నియమాలు చేయవలసి వచ్చింది. వాటికి నిత్యం నిపుణుల సేవ ఉన్నా ఆయుష్షు అంతే.

మన దారులమీద ఎక్కువ హాని చేసేవి వేరు. చల్లని ఇంజనును స్టార్టు చేసిన వెంటనే యాక్సిలరేటరు అదిమి తొక్కడం ఒకటి. వేగం తగ్గినా పైగేరులోనే ఉంచి ఇంజనును మూలిగించడం మరొకటి. టర్బో ఉన్న కారును వేగంగా నడిపి వచ్చి తక్షణమే ఆపివేయడమూ మంచిది కాదు. నిప్పుల వలె కాగిన టర్బోకు ఆయిలు అందడం ఆగిపోతుంది. వీటన్నిటికంటె ప్రమాదకరమైనది ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత దాటినా ‘ఇంకెంత, ఇల్లు వచ్చేసింది’ అని పోనివ్వడం. అల్యూమినియం హెడ్డు వంగడానికి ఆ కొద్ది దూరం చాలు. గాలి ఫిల్టరు సంగతి కూడ మరువరాదు. చినిగిన ఫిల్టరు గుండా పోయే సన్నని ఇసుక పొడి సిలిండరును గరుకు కాగితం వలె అరగదీస్తుంది.

పెదనాన్నగారి కారు బాగుపడి వచ్చింది. ఖర్చు మాత్రం ఆయన మాకెవరికీ చెప్పలేదు. కూరగాయల బజారుకు ఇప్పుడు సైకిలు మీద వెళుతున్నారు. ఆదివారం నాడు పెద్దమ్మను ఎక్కించుకొని గుంటూరు నుండి అమరావతి దాక పోయి వస్తారు. స్టీరింగు పక్కన ఒక చీటీ అంటించి ఉంది. దానిమీద ఆయిలు మార్చిన తేదీ, కిలోమీటర్ల సంఖ్య ఆయన దస్తూరీలోనే ఉన్నాయి.