ప్యాసేజీ చదివి నానమ్మకు చెప్పు

ఖమ్మం,
ఆదివారం రాత్రి

చిట్టితల్లికి,

  

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎఫ్‌ఏ ఇంగ్లిష్ పేపరు ఫొటోలు చూశాను. ఇరవైకి తొమ్మిదే వచ్చాయని మీ నాన్న ఫోన్లో ఒకటే గోల. వాడితో నేను మాట్లాడతాను, నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు. నన్ను కలవరపెట్టింది ఆ తొమ్మిది కాదు. కింద నువ్వు పెట్టిన మెసేజి. “ప్యాసేజీ మొత్తం చదివితే టైమ్ సరిపోదత్తా, ప్రశ్నలో ఉన్న మాట పైన ఎక్కడుందో వెతికి ఆ లైను దింపెయ్యమని ట్యూషన్లో చెప్పారు” అని రాశావు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, మా ఇంటి పిల్లే ఇలా చదువుతుంటే చూస్తూ ఊరుకోలేను. ఫోన్లో చెబితే “సరే అత్తా” అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. రెండుసార్లు చదువుకో.

మీ పేపర్లో ఇచ్చిన ఆ మేకపిల్ల ప్యాసేజీ ఎంత బాగుందో చూశావా? ఒక కుర్రాడు సంతలో మేకపిల్లను కొని, సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. సీటు కింద దాచాడు. అది అరిచినప్పుడల్లా వాడు గట్టిగా దగ్గాడు. కండక్టర్ వచ్చాడు, కుర్రాడి మొహం చూశాడు, సంచి వంక చూశాడు, తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ ఈ ఏడు వానలు బాగున్నాయి అన్నాడు. అంతే, పన్నెండు లైన్లు. మూడో ప్రశ్న, కండక్టర్ కిటికీలోంచి బయటికి ఎందుకు చూశాడు అని. నువ్వేం రాశావు? “ద కండక్టర్ లుక్డ్ అవుట్ ఆఫ్ ద విండో అండ్ సెడ్ ద రెయిన్స్ ఆర్ గుడ్ దిస్ ఇయర్.” ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. టీచర్ సున్నా వేసింది. ఆమె తప్పేమీ లేదు.

నిన్న సాయంత్రం నానమ్మకు ఫోన్ చేసి ఈ కథ తెలుగులో చెప్పాను. పరీక్ష అనలేదు, ప్రశ్న అనలేదు. కథ చెప్పి, “అమ్మా, కండక్టర్ బయటికెందుకు చూశాడంటావు?” అన్నాను. అడిగీ అడగకముందే అంది: “చూస్తే దించెయ్యాలి, లేకుంటే టికెట్టు కొట్టాలి. పోరడి దగ్గర పైసలు ఉండవని చూడనట్టు ఉన్నడు. మంచోడే.” తర్వాత, “మరి ఆ మేకపిల్ల ఇల్లు చేరిందా?” అని అడిగింది. ఏ, బీ, సీ, డీలు రాని మా అమ్మకు ఆ మూడో ప్రశ్నలో పూర్తి మార్కులు వచ్చేవి. నువ్వు ఆవిడకంటే తెలివితక్కువదానివా? కానే కాదు. ఆవిడ కథ విన్నది. నువ్వు కథ చదవలేదు, మాట వెతికావు. తేడా అంతా అక్కడే ఉంది.

నువ్వు చేస్తున్న పనేమిటో నీకు తెలియాలని ఒకటి రాస్తాను, చదువు: “గిమ్మడు సాయంత్రం తెంబలో మూరికను పొంకించాడు. అందుకని మూరిక జడిగింది.” ఇప్పుడు చెప్పు. మూరికను ఎవరు పొంకించారు? ఎక్కడ? మూరిక ఎందుకు జడిగింది? మూడింటికీ జవాబు టకటకా రాసేస్తావు, మూడు మార్కులూ వస్తాయి. కానీ గిమ్మడు మనిషో పిట్టో, మూరిక కూరగాయో చేపో నీకు తెలుసా? నాకూ తెలియదు, ఆ మాటలన్నీ నేనే కల్పించాను. ఏమీ అర్థం కాకపోయినా జవాబు రాయొచ్చన్నమాట. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇలాగే రాసుకుంటూ వచ్చి, పాసై, కాలేజీలో చేరాక ఒక పేజీ ఇంగ్లిష్ సొంతంగా చదవలేక ఏడ్చిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. వాళ్లలో తెలివైనవాళ్లే ఎక్కువ.

ఇందులో నీ తప్పు ఉందనడం లేదు, బిడ్డా. ఆరో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివావు. 2022లో మీ బడి ఇంగ్లిష్ మీడియం అయితే నువ్వూ ఒక్కసారిగా మారాల్సి వచ్చింది. సైన్సు, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు వేశారు కాబట్టి ఎలాగో గట్టెక్కావు. ఇంగ్లిష్ రీడర్‌కి ఎదురు పేజీ ఉండదు కదా. అక్కడే తడబడ్డావు. ఆ ఏడాది నువ్వు పడ్డ అవస్థ నాకు గుర్తుంది. దసరాకి వచ్చినప్పుడు ఎంత చిక్కిపోయావో! ఇప్పుడన్నా సరిగ్గా తింటున్నావా? పొద్దున పాలు మానేశావని మీ అమ్మ అంటోంది, మానకు.

ఇక అసలు సంగతి. ఇవాళ్టి నుంచి ప్యాసేజీ ఎలా చదవాలో చెబుతాను. ప్రశ్నల మీద అట్ట పెట్టి మూసెయ్యి. పెన్ను మూత తీయొద్దు. పైకి వినపడేలా ఒకసారి చదువు, మనసులో ఒకసారి చదువు. డిక్షనరీ ముట్టుకోకు, తెలియని మాట మీద పెన్సిల్‌తో తెలుగు అర్థం రాయకు. రాస్తే నీ కన్ను ఆ తెలుగు మాట మీదే వాలుతుంది, కింద ఉన్న ఇంగ్లిష్ మాటను ఇక చూడనే చూడదు. చదివాక పుస్తకం మూసి నానమ్మ దగ్గరికి వెళ్లు. వంటింట్లో ఉంటే వంటింట్లో, మంచం మీద ఉంటే మంచం పక్కన కూర్చుని, ఆ ప్యాసేజీలో ఏం జరిగిందో తెలుగులో చెప్పు. మనింట్లో మాట్లాడుకునే తెలుగులో.

మా మేడమ్ క్లాసులో తెలుగు వద్దంటారు కదా అంటావు. క్లాసులో ఆమె చెప్పినట్టే చెయ్యి, అక్కడ ఇంగ్లిష్ చెవిన పడాలి. ఇంటి దగ్గర మాత్రం నా మాట విను. ఎందుకంటే, చెబుతూ ఉన్నప్పుడు నీకే తెలుస్తుంది ఎక్కడ అర్థమైందో, ఎక్కడ కాలేదో. పిల్లలతో చెప్పించి చెప్పించి నేను కనిపెట్టిన గుర్తు ఒకటుంది. అర్థమైనంతవరకు పిల్లలు గబగబా చెబుతారు. అర్థం కాని చోటికి రాగానే “ఏదో” అంటారు. “కండక్టర్ వచ్చాడు, ఏదో అన్నాడు, తర్వాత వెళ్లిపోయాడు.” ఆ “ఏదో” దగ్గర ఆగు. పుస్తకం తెరిచి సరిగ్గా ఆ వాక్యానికే వెళ్లు. ప్యాసేజీ అంతా మళ్లీ చదవక్కర్లేదు. అప్పుడు తియ్యి డిక్షనరీ, తాతయ్యది శంకరనారాయణ డిక్షనరీ బీరువాలోనే ఉంది, అట్ట ఊడిందని పక్కన పడెయ్యకు. చెప్పే కథలో ఒక్క “ఏదో” కూడా లేని రోజున ప్రశ్నల మీద అట్ట తియ్యి. జవాబులు వాటంతట అవే వస్తాయి, మీ ట్యూషన్ వాళ్లు చెప్పిన పద్ధతికంటే తక్కువ టైమే పడుతుంది. మొదట్లో ఎక్కువే పట్టొచ్చు, నెలయ్యేసరికి తగ్గుతుంది. 

నానమ్మకే ఎందుకు, అమ్మకు చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. అమ్మకు ఇంగ్లిష్ కొంత వచ్చు. నువ్వు తడబడితే తానే అందించేస్తుంది. నానమ్మకు రాదు కాబట్టి నిన్నే పట్టుకుని అడుగుతుంది. వాడెందుకట్లా చేసిండు, ఆ పిల్ల తల్లి ఏమైంది, అది న్యాయమేనా, ఇలాంటివి. చూశావా, ఇప్పుడు పదో తరగతి పేపర్లో అడిగేవి కూడా ఇవే. ఎవరు, ఎక్కడ అనేవి తగ్గాయి. ఎందుకు, నువ్వయితే ఏం చేసేదానివి అనేవి పెరిగాయి. ఆ ప్రశ్నలకు జవాబున్న లైను ప్యాసేజీలో దొరకదు. పుస్తకంలో లేని కొత్త ప్యాసేజీ కూడా ఇస్తారు, దానికి ఏ గైడూ పనికిరాదు. ఇంట్లో ఇంత మంచి పరీక్షాధికారిని పెట్టుకుని నెలకు వెయ్యి రూపాయలు ట్యూషన్‌కు పోస్తున్నాడు మీ నాన్న!

నాకు ఇంగ్లిష్ ఎలా వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. మా ఊళ్లో ఐదో తరగతి దాకా ఇంగ్లిష్ అక్షరమే లేదు. ఆరులో మొదలుపెట్టి, ఎనిమిదిలో నాన్‌డిటెయిల్ అని సన్నటి కథల పుస్తకం ఒకటి చేతికొచ్చేసరికి కళ్లు తిరిగాయి. అప్పుడు మా సారు ఒక పని చేశారు. చందమామ తెలుగుతోపాటు ఇంగ్లిష్‌లో కూడా వచ్చేది. ఆయన పాత సంచికలు తెచ్చి, ముందు తెలుగుది, తర్వాత ఇంగ్లిష్‌ది ఇచ్చేవారు. బేతాళ కథ ఎలా మొదలవుతుందో, ఎలా ముగుస్తుందో నాకు తెలుసు. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు, నోరు విప్పుతాడు, బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. తెలిసిన కథ కాబట్టి తెలియని ఇంగ్లిష్ మాటలు భయపెట్టలేదు. ఈ మాట ఇదే అయ్యుంటుంది అని ఊహించుకుంటూ పోయేదాన్ని, నాలుగైదు చోట్ల అదే మాట కనపడేసరికి అర్థం స్థిరపడిపోయేది. మీ నాన్న అప్పుడు పాకే పిల్లాడు. దీపం ముందు కూర్చుని చదువుతుంటే వచ్చి పేజీ లాగి నోట్లో పెట్టుకునేవాడు. ఆ సంచికల్లో ఒకదానికి చివరి పేజీ లేదు, ఆ కథలో రాజు ఏం జవాబు చెప్పాడో తెలుగు సంచికలోనే చదువుకున్నాను. ఇప్పుడు మార్కుల కోసం నీ మీద అరుస్తున్నది వాడే. తిట్టినా నీ మీద ప్రాణం పెట్టుకున్నాడు తల్లీ, అది మరచిపోకు.

తర్వాత ఉద్యోగంలో చేరాక హైదరాబాద్ ఇంగ్లిష్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు పంపారు. 1958లో పెట్టిన సంస్థ అది, ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. అక్కడే మైకేల్ వెస్ట్ గురించి విన్నాను. ఇంగ్లండ్ నుంచి వచ్చి ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. అక్కడి బెంగాలీ పిల్లల్లో ఎక్కువమంది చదువు మధ్యలోనే మానేస్తున్నారని చూశాడు. బీమా పాలసీ మధ్యలో ఆపేస్తే సరెండర్ విలువ అని కొంత డబ్బు చేతికి వస్తుంది కదా, బడి మధ్యలో మానేసిన పిల్లవాడికి ఇంగ్లిష్ వల్ల చేతికి వచ్చేదేమిటి అని అడిగాడు. వ్యాకరణ సూత్రాలు సగం నేర్చుకుంటే ఏమీ రాదు. చదవడం వస్తే మాత్రం అది ఎప్పటికీ వాడిదే. అందుకని చదవడాన్ని ముందు పెట్టాడు. 1926లో ఈ సంగతి మీద పెద్ద నివేదికే రాశాడు. పేరున్న ఇంగ్లిష్ కథలను కొద్ది మాటల్లో తిరగరాసి, కొత్త మాటను అరుదుగా తెచ్చి, తెచ్చినదాన్ని మళ్లీ మళ్లీ కనపడేలా చేశాడు. 1953లో వచ్చిన ఆయన మాటల పట్టికలో సుమారు 2,000 మాటలున్నాయి. ఎక్కువగా వాడే ఆ మాటలు పట్టుబడితే మామూలు ఇంగ్లిష్ చాలావరకు చదువుకోవచ్చు. నీకు అందులో సగం ఇప్పటికే వచ్చి ఉంటాయి. మాటల జాబితాలు బట్టీపట్టే పని లేదు. రోజూ ఒక చిన్న ప్యాసేజీ నిజంగా చదివితే మిగిలిన సగం వాటంతట అవే వస్తాయి.

గ్రామర్ వద్దంటున్నానని మీ నాన్నకు చెప్పకు. ఎడిటింగ్ ప్రశ్నలు ఎలాగూ మీ మేడమ్ చేయిస్తారు. నేననేది చదవడం గురించి.

మీ రీడర్‌లో చివరి యూనిట్ తియ్యి. ‘వాట్ ఈజ్ మై నేమ్’ అనే పాఠం ఉంది. అది మన పి. సత్యవతి గారు తెలుగులో రాసిన ‘ఇల్లలకగానే’ కథకు అనువాదం. తెలుగు కథ నా దగ్గరుంది, ఈ ఉత్తరంతోపాటు జిరాక్స్ పెడుతున్నాను. నేను చందమామతో చేసినట్టే చెయ్యి. ముందు తెలుగు చదివెయ్యి. రెండు రోజులాగి ఇంగ్లిష్‌ది చదువు, రోజుకు ఒక పేరా చొప్పున. ఒక ఇల్లాలు ఇల్లు తుడుస్తూ తుడుస్తూ తన పేరేమిటో మరచిపోతుంది, పేరు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. కథ ఇంతకంటే చెప్పను.

ఆ పాఠాన్ని నానమ్మకు చెప్పు. మనింట్లో ఆవిణ్ణి అమ్మా అని, అత్తా అని, నానమ్మా అని పిలిచేవాళ్లమే అందరం, పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కథ అయ్యాక ఆవిడ నిన్ను ఏమడిగిందో, దానికి నువ్వేం చెప్పావో నాకు ఉత్తరం రాయి. తెలుగులోనే రాయి. ఒక్క నాలుగు లైన్లు మాత్రం ఇంగ్లిష్‌లో, నీ సొంత మాటల్లో. తప్పులుంటే ఉండనీ, నేను దిద్ది పంపుతాను. ఈ నెలాఖరులోగా రాయాలి సుమా, ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అత్త