కొండదారిన పాలు తెచ్చే సభ్యులకు విద్యుత్ సైకిలు – కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు

విశాఖపట్నం ఉత్తరాన కైలాస కొండలకు, దక్షిణాన యారాడ కొండలకు నడుమ ఉన్న పట్నం. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ పెరిగిన కాలనీలు పల్లంలో ఉన్నాయి. పాడి పశువులు మాత్రం కొండవార పల్లెల్లోనూ ఉన్నాయి. యారాడ నుండి బయటికి వచ్చే రోడ్డు కొండ ఎక్కి దిగవలసిందే. సైకిలుపై రెండు క్యాన్లు కట్టుకొని ఇటువంటి దారిన వచ్చే సభ్యునికి ఆలస్యమైతే ఎండకు పాలు పులుస్తాయి, కేంద్రంలో తిరస్కరిస్తారు. ఆ పూట శ్రమ వృథా అవుతుంది. అందుకే పలువురు విద్యుత్ సైకిలు లేదా పాత సైకిలుకు అమర్చే మోటారు కిట్టు గురించి ఆలోచిస్తున్నారు. చదును రోడ్డుపై చక్కగా నడిచిన బండి క్యాన్లతో కొండ ఎక్కలేకపోవచ్చు. కనుక ముందు లెక్క చూసుకోవాలి.

దారి వాలును కొలవండి

100 సెంటీమీటర్ల చెక్కను రోడ్డు వాలు వెంబడి పెట్టి, తాపీమేస్త్రీ వాడే రసమట్టంతో సమంగా నిలపండి. పల్లం వైపు చెక్కకు, రోడ్డుకు మధ్య ఎన్ని సెంటీమీటర్ల ఖాళీ ఉంటే వాలు అంత శాతం. ఎక్కువ నిటారుగా ఉన్న చోట తప్పక కొలవాలి.

మోటారు బలం

మనిషి 60 కిలోలు, 40 లీటర్ల పాలు క్యాన్లతో కలిపి 50 కిలోలు, కిట్టుతో సైకిలు 30 కిలోలు అనుకుందాం. మొత్తం 140 కిలోలు. 8 శాతం వాలుపై ఇది 11 కిలోలకు పైగా బరువుతో వెనక్కి లాగుతుంది. చదునులో గంటకు 15 కి.మీ. వేగానికి సుమారు 100 వాట్లు చాలు. ఈ వాలుపై 9 కి.మీ. వేగానికే 310 వాట్లు కావాలి. 250 వాట్ల మోటారు పోగా మిగిలిన 60 వాట్లు మీ కాళ్లే ఇవ్వాలి. అంటే పెడల్ తొక్కక తప్పదు. అమ్మకందారు చెప్పే అంకె కొద్ది క్షణాలు మాత్రమే ఇచ్చే గరిష్ఠ బలమా, నిలకడగా ఇచ్చే బలమా అని అడిగి తెలుసుకోండి.

ఏ రకం మోటారు?

చక్రం నడుమ అమర్చే హబ్ మోటారు చవక, బిగించడం తేలిక. అయితే నిటారు దారిలో చక్రం మెల్లగా తిరిగేటప్పుడు మోటారు వేడెక్కి విద్యుత్తు వృథా అవుతుంది. హబ్ మోటారే కొనేటట్లయితే లోపల పళ్లచక్రాలు ఉన్న రకం కొండకు మేలు. పెడళ్ల దగ్గర అమర్చే మిడ్ డ్రైవ్ మోటారు, గేర్లు ఉన్న సైకిలుపై చిన్న గేరులో బరువును బాగా లాగుతుంది. దీని ధర ఎక్కువ, గొలుసు త్వరగా అరుగుతుంది. గేర్లు లేని సైకిలుకు దీని లాభం చాలావరకు అందదు.

బ్యాటరీ

వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే బ్యాటరీ నిల్వ తెలుస్తుంది. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్లు అయితే 360 వాట్-అవర్లు. పై బరువుతో 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికే సుమారు 50 వాట్-అవర్లు ఖర్చవుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ నిల్వ తగ్గుతుంది కనుక, మీ రోజు అవసరం మూడింట రెండు వంతులకు మించని బ్యాటరీ ఎంచుకోండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. ప్రయాణం కాగానే వేడి మీద ఛార్జి పెట్టరాదు. గడ్డివాము దగ్గర, పడక పక్కన ఛార్జి పెట్టరాదు. సముద్రపు గాలికి తీగల కలయికలు చిలుము పడతాయి. వాటిని నెలకొకసారి శుభ్రపరచాలి.

దిగుడులోనే ప్రమాదం

ఎక్కలేకపోతే దిగి నెట్టుకుపోవచ్చు. దిగుడులో బ్రేకు పట్టకపోతే ప్రాణానికే ముప్పు. 140 కిలోల బరువుకు పాత కడ్డీ బ్రేకులు చాలవు. వానలో అసలే పట్టవు. రెండు చక్రాలకూ మంచి బ్రేకులు వేయించిన తరువాతే మోటారు అమర్చండి. వెనుక స్టాండు, చక్రపు పుల్లలు కూడా గట్టివి ఉండాలి. క్యాన్లను రెండు వైపులా సమంగా, కిందికి కట్టాలి. సగం నిండిన క్యానులో పాలు ఊగి బండి తూలుతుంది.

చట్టం

250 వాట్లకు లోపు మోటారు, గంటకు 25 కి.మీ.కు మించని వేగం, బ్యాటరీ కాక 60 కిలోలకు మించని బరువు ఉండి, ఆమోదం పొందిన బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అవసరం లేదు. ఆ పరిమితి దాటితే అవి తప్పనిసరి. పెట్రోలు మోపెడ్‌ను మార్పించేవారు ఆమోదం పొందిన కిట్టునే వాడి, రిజిస్ట్రేషన్ పత్రంలో మార్పు రాయించుకోవాలి.

చివరిగా ఒక్క మాట. డబ్బు చెల్లించేముందు పాల బరువుకు సమానంగా క్యాన్లలో నీరు నింపి, మీ కొండదారినే ఎక్కి దిగి చూపమని అడగండి. ఒప్పుకోని చోట కొనకండి. సంఘంలో నలుగురైదుగురు కలిసి ఒక బండిని ఇలా పరీక్షించి, ఫలితాన్ని సమావేశంలో చర్చించుకుంటే అందరికీ మేలు.