తోటి పనివారికి నేర్పడంలో దైవప్రవక్త (స) విధానం

తెలిసిన మంచిని దాచుకోకుండా పంచడం విశ్వాసి బాధ్యత. ఈ మాట వినగానే మనకు మస్జిదు ప్రసంగాలు, మద్రసా పాఠాలే గుర్తొస్తాయి. కాని హలాల్ సంపాదనకు తోడ్పడే వృత్తి నైపుణ్యం కూడా మేలు చేసే విద్యే. మరి నేర్పడానికి మనం సిద్ధంగా ఉన్నా, నేర్చుకోవడానికి తోటివారికి మనసు లేకపోతే ఏం చేయాలి?

మన సోదరులు ఎందరో జీవనోపాధి పొందుతున్న బైక్ మెకానిక్ పనినే తీసుకుందాం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్.-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. దాంతో చాలా కొత్త బైకుల్లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజిన్ శబ్దం విని, స్క్రూ తిప్పి, గాలి-పెట్రోలు పాళ్ళు సరిచేసే పద్ధతి ఈ బళ్ళకు పనికిరాదు. సెన్సర్ల సాయంతో ఒక చిన్న కంప్యూటరే ఆ పాళ్ళు నిర్ణయిస్తుంది. లోపం వస్తే స్కానర్ తగిలించి కోడ్ చదవాలి. షెడ్డులోని కుర్రవాడు ఇది నేర్పబోతే, ముప్ఫయ్యేళ్ళు పని చేసిన ఉస్తాద్ "ఇవన్నీ మనకెందుకు బేటా? పాత బళ్ళు చాలు" అంటారు. కాని పాత బళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇక్కడ ఒక కుటుంబం రొట్టె ప్రశ్న ఉంది.

అయిష్టత అంతా మొండితనం కాదు

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒప్పందం ముగిశాక, ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోమని దైవప్రవక్త (స) సహచరులను ఆదేశించారు. మూడుసార్లు చెప్పినా ఎవరూ లేవలేదు. వారు అవిధేయులు కారు. కాబా దర్శనం కాకుండానే తిరిగి వెళ్ళాలన్న దుఃఖం వారిని కదలనివ్వలేదు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి), ఎవరితోనూ మాట్లాడకుండా ముందు తమరే ఆ పని చేయండని సలహా ఇచ్చారు. ఆయన అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

ఉస్తాద్ నిరాకరణ వెనుక కూడా ఏదో ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు రావని బయటపడుతుందన్న భయం, చిన్నవాడి ముందు చులకనవుతానన్న సంకోచం, నేర్చుకుంటూ కూర్చుంటే ఆ పూట సంపాదన పోతుందన్న దిగులు. అదేమిటో తెలుసుకోకుండా ఎంత ఉపన్యసించినా లాభం లేదు. నలుగురిలో కాక, ఒంటరిగా ఉన్నప్పుడు మర్యాదగా అడగాలి.

అవసరం తెలిసిరావాలి

ఒక వ్యక్తి మస్జిదులో తొందర తొందరగా నమాజు చేసి వచ్చి సలాం చేశాడు. దైవప్రవక్త (స) సలాముకు జవాబిచ్చి, నీ నమాజు కాలేదు, మళ్ళీ చేయమన్నారు. మూడోసారి తర్వాత అతను తనకు ఇంతకంటే బాగా రాదని, నేర్పమని వేడుకున్నాడు. అప్పుడు ఆయన మొదటినుంచీ వివరంగా నేర్పారు. (బుఖారీ, ముస్లిం)

అడిగిన మనసులో పాఠం నిలుస్తుంది. పాత పద్ధతిలో లొంగని బండి వచ్చినప్పుడు ఉస్తాద్‌ను కాస్త ప్రయత్నించనివ్వాలి. ఆయన "ఏమై ఉంటుంది?" అన్న క్షణమే నేర్పే సమయం. అయితే బండి యజమాని ముందు ఆయన తెలియనితనాన్ని బయటపెట్టరాదు. బండి కూడా మన దగ్గర ఉన్న అమానత్. పాఠం కోసం దాన్ని పాడుచేయరాదు.

చేసి చూపించాలి, కొద్ది కొద్దిగా నేర్పాలి

ఒక బాలుడు మేక చర్మం ఒలవడం రాక అవస్థ పడుతున్నాడు. అటుగా వెళ్తున్న దైవప్రవక్త (స) అతన్ని పక్కకు జరగమని, చర్మానికీ మాంసానికీ మధ్య తన చేతిని చంక వరకూ చొప్పించి చూపించారు. (అబూ దావూద్) మందలింపు లేదు, ఎగతాళి లేదు. మనమూ ఒకసారి చేసి చూపించి, తర్వాత స్కానర్‌ను ఆయన చేతికే ఇవ్వాలి.

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ప్రతి గురువారం హితబోధ చేసేవారు. రోజూ చేయమని ఒకరు కోరితే, మీకు విసుగు కలిగించడం నాకిష్టం లేదని, దైవప్రవక్త (స) కూడా తమ విషయంలో ఇలాగే జాగ్రత్తపడేవారని చెప్పారు. (బుఖారీ) వినాలన్న కోరిక ఉన్నవారి విషయంలోనే ఇంత జాగ్రత్త అయితే, కోరిక లేనివారి సంగతి చెప్పాలా? పని పలచబడిన వేళ పావుగంట, రోజుకు ఒక్క కోడ్ చాలు.

ఆయన దగ్గరా నేర్చుకోవాలి

స్కానర్ ఏ భాగంలో లోపముందో సూచిస్తుంది. అక్కడ వైరు ఎలుక కొరికిందా, కనెక్టరులో నీరు చేరిందా అన్నది అనుభవమున్న కన్నే పట్టుకోవాలి. "ఉస్తాద్, కోడ్ నేను చదువుతాను. కారణం మీరు చెప్పండి" అని చూడండి. గౌరవం దక్కినచోట సంకోచం కరుగుతుంది. రేపు కోడ్ ఆయనే చదువుతారు.

ఇంత చేసినా ఆయన ముందుకు రాకపోతే నిందించవద్దు. చెప్పడం మన వంతు, మనసులను మళ్ళించేవాడు అల్లాహ్. తనకు తెలిసిన పనిలో ఆయన గౌరవం తగ్గకుండా చూద్దాం, తలుపు తెరిచే ఉంచుదాం. అలాగే, నేర్పితే మన గిరాకీ పోతుందని కూడా భయపడవద్దు. ఉపాధి ప్రదాత అల్లాహ్ మాత్రమే. మనిషి చనిపోయాక కూడా పుణ్యం ఆగని మూడు విషయాల్లో, ఇతరులకు ప్రయోజనం కలిగించే విద్య ఒకటని దైవప్రవక్త (స) తెలిపారు. (ముస్లిం)

మనకు మేలు చేసే విద్యను, దాన్ని ఓర్పుతో పంచే హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.