ముందు సుత్తి, తరవాతే స్కాను

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నకు 58 ఏళ్లు. కనిగిరి దగ్గర పల్లెలో పుట్టి పెరిగారు. ఇరవై ఏళ్ల కిందట ముత్తుకూరు వచ్చి, రొయ్యల గుంటల దగ్గర పని చేస్తున్నారు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడతారు. ఆర్నెల్లుగా కాళ్లు బిగుసుకుపోయినట్టు నడుస్తున్నారు. కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. ఈమధ్య చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేకపోతున్నారు. ఒకచోట చూపిస్తే కూర్చోబెట్టి రెండు ప్రశ్నలడిగి, నడుముకు ఎమ్మారై రాశారు. డిస్కు జరిగిందన్నారు. మందులు వాడినా గుణం లేదు. నరాల డాక్టరు అసలు ఏమేం చూడాలి?
– ఒక సోదరి, ముత్తుకూరు

జవాబు: సగం సమాధానం మీ ఉత్తరంలోనే ఉందమ్మా. గుండీలు పెట్టుకోలేకపోవడానికి నడుము డిస్కు కారణం కాదు. చేతుల నరాలు మెడ దగ్గర బయల్దేరతాయి. చేతులూ కాళ్లూ రెండూ దెబ్బతింటే ముందు మెడను అనుమానించాలి, తరవాత ఒంట్లోని నరాలన్నిటినీ. వెన్నుపాము మొదటి, రెండో నడుము పూసల దగ్గరే ముగుస్తుంది కాబట్టి, నడుము స్కానులో దాని చివర తప్ప ఏమీ కనబడదు. ఇక యాభై దాటినవాళ్లలో ఏ బాధా లేకున్నా డిస్కు ఉబ్బి కనిపించడం మామూలే. జబ్బు ఎక్కడుందో ముందు చేత్తో పరీక్షించి తేల్చుకోవాలి, స్కాను ఆ చోటికి రాయాలి.

పరీక్ష నడకతో మొదలవుతుంది. మనిషిని నడిపించాలి, వెనక్కి తిప్పించాలి, ఒక కాలి వేళ్లకు రెండో మడమ ఆనించి గీత మీద నడిచినట్టు నడిపించాలి. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్లు మూయించి నిలబెట్టాలి. కళ్లు మూయగానే తూలితే, పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు కబురు అందడం లేదన్నమాట. దీనికి రాంబర్గ్ అనే జర్మన్ వైద్యుడి పేరే ఉంది. ముఖానికి సబ్బు రాసుకునేటప్పుడు నాన్నగారు తూలుతున్నారేమో గమనించి డాక్టరుకు చెప్పండి.

తరవాత బల్ల మీద పడుకోబెట్టాలి. చొక్కా విప్పించకుండా, లుంగీ మోకాళ్ల పైకి ఎత్తించకుండా నరాల పరీక్ష అయిందంటే నేనొప్పుకోను. కండ ఎక్కడైనా తగ్గిందా, చర్మం కింద అదురుతోందా చూడాలి. కాలూ చేయీ వంచి బిగువు తెలుసుకోవాలి. బలానికి సున్నా నుంచి అయిదు దాకా అంకె వేయాలి. ఆపైన సుత్తి: మోచేయి, మోకాలు, మడమ. మోకాలు మరీ ఎగిరిపడితే లోపం వెన్నుపాములోనో మెదడులోనో ఉంటుంది. అసలు కదలకపోతే అక్కణ్ణుంచి కిందికొచ్చే నరాల్లో ఉంటుంది. ఆఖరున అరికాలి మీద మొద్దు మొనతో గీయాలి. బొటనవేలు పైకి లేస్తే ఆ నేరాన్ని నడుము డిస్కు మీద వేయడానికి వీల్లేదు. బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని 1896లో చెప్పాడు. తాళంచెవితో కూడా చేయగలిగిన ఈ పరీక్షను ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

స్పర్శ సంగతి. గుండుసూది, దూది సరిపోవు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టాలి. కళ్లు మూయించి ఆ వేలిని పైకీ కిందికీ కదిపి, ఎటు కదిలిందో అడగాలి. చెప్పు జారిన సంగతి తెలియని మనిషిలో ఇవి చాలా ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గవచ్చు. అప్పుడు మడమ దగ్గర సుత్తికి జవాబు రాకపోయినా బొటనవేలు మాత్రం పైకి లేచే వింత కనిపిస్తుంది. బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టకముందే రక్తంలో అదెంత ఉందో చూపించండి. మోచేతి వెనక నరం లావెక్కిందా, ఒంటి మీద స్పర్శలేని మచ్చలున్నాయా అనీ తడిమి చూడాలి. మన దేశంలో కుష్ఠును మరిచిపోకూడదు.

కళ్ల కదలిక, కనుపాపలు, ముఖం, నాలుక, కంటి లోపలి పొర, వేలితో ముక్కు తాకించడం, జ్ఞాపకశక్తి కూడా పూర్తి పరీక్షలో భాగాలే. అన్నీ చూస్తే అరగంటకు తక్కువ పట్టదు. అందరికీ అన్నీ అక్కర్లేదు. వాసన పరీక్ష నేను అరుదుగానే చేస్తాను.

కనిగిరి మాట రాసి మంచిపని చేశారు. నీళ్లలోని ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో 1937లో షార్ట్ అనే వైద్యుడి బృందం వైద్యపత్రికలకెక్కించింది నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు ఆ జిల్లాలోవే. 1970లో ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్లకేళ్లు తాగితే ఎముకలు, వాటిని పట్టి ఉంచే పట్టీలు గట్టిపడి మెడలో వెన్నుపామును నొక్కవచ్చు. ఊరు మారినా ఎముకలో చేరినది తొందరగా పోదు. చిన్నప్పుడు ఏ బోరు నీళ్లు తాగారో డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. ముంజేతికి మామూలు ఎక్స్‌రే తీసినా ఆనవాళ్లు దొరుకుతాయి.

ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకు చూపించండి. మెడ ఎమ్మారై అవసరం పడవచ్చు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కాళ్లు ఉన్నట్టుండి పడిపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోగా మేత బస్తాలు తలకెత్తుకోవద్దని, క్షౌరశాలలో మెడ విరిపించుకోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పండి.